పేస్లిప్పులో రెండు పీఎఫ్‌లు, ఒక డ్యామేజీ

ప్రశ్న: మాది ఆకివీడు. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో రెండేళ్లుగా గ్రేడింగ్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. జీతం 18,600 అంటారు, బ్యాంకులో పడేది 14,080. పేస్లిప్పులో బేసిక్, డీఏ కలిపి 12,000, ఇంటద్దె అలవెన్స్ 3,000, కన్వేయన్స్ 1,800, స్పెషల్ అలవెన్స్ 1,800 అని ఉంది. కటింగుల్లో పీఎఫ్ 1,440, కంపెనీ పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 140, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150, బస్సు 600, డ్యామేజీ 750. అడిగితే ‘సగం జీతం దాకా కోయొచ్చని చట్టమే చెప్పింది’ అంటున్నారు. నిజమేనా?

జవాబు: అమ్మా, సగం అన్న మాట చట్టంలో ఉంది. మీవాళ్లు దాన్ని తిరగేసి చెప్పారు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్, 2019 ఏయే కోతలు కోయొచ్చో పేరుపేరునా చెప్పింది. అందులో లేనిది ఒక్క రూపాయి కోసినా తప్పే. సగం అన్నది ఆ చట్టబద్ధమైన కోతలకు పెట్టిన హద్దు. 1936 నాటి పాత వేతన చెల్లింపు చట్టంలోనూ ఇదే సూత్రం ఉండేది.

ఈఎస్ఐ, ప్రొఫెషనల్ ట్యాక్స్ గురించి టెన్షన్ వద్దు. 18,600 మీద 0.75 శాతం అంటే 140. ఆంధ్రప్రదేశ్‌లో 15 వేలు దాటి 20 వేల వరకు జీతానికి ట్యాక్స్ 150. ఆ లెక్కలు రెండూ సరిపోతున్నాయి.

మొదటి పీఎఫ్ కూడా సరైనదే, 12,000 మీద 12 శాతం. నన్ను కలవరపెట్టింది రెండోది. కంపెనీ వాటా కంపెనీ జేబులోంచే రావాలి. దాన్ని ఉద్యోగి జీతం నుంచి రాబట్టకూడదని పీఎఫ్ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. మీరు సంతకం పెట్టి ఒప్పుకున్నా ఆ ఒప్పందం చెల్లదు. అయితే ఒక్కటి చూసుకోండి. కొన్ని కంపెనీలు తమ వాటాను ముందు ఆదాయం వైపు కలిపి, తర్వాత కటింగుల్లో తీసేస్తాయి. అలాగైతే అది లెక్క రాసే పద్ధతి మాత్రమే, మీ చేతికొచ్చేది తగ్గదు. మీ ఆదాయం నాలుగు అంకెలూ కలిపితే సరిగ్గా 18,600, అందులో కంపెనీ వాటా ఎక్కడా కలవలేదు. అంటే మీ డబ్బే పోతోంది. 24 నెలలూ ఇలాగే కోసి ఉంటే 34,560 రూపాయలు.

ఈ రాత్రే ఉమాంగ్ యాప్‌లో మీ పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. నెలనెలా మీ వాటా 1,440 కనిపించాలి. కంపెనీ వాటా గడిలో 440 మాత్రమే ఉంటే కంగారు పడకండి, మిగతా 1,000 పెన్షన్ గడిలో ఉంటుంది. చాలామంది ఇక్కడే మోసపోయామనుకుంటారు. గడులు ఖాళీగా ఉంటే మాత్రం విషయం పెద్దది. జీతంలో కోసి పీఎఫ్‌కు కట్టకపోవడం భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నమ్మకద్రోహం, నేరం.

డ్యామేజీ సంగతికి వస్తే, కాపాడమని మీకే అప్పగించిన సరుకు మీ నిర్లక్ష్యం వల్లే పాడైతే కోయొచ్చు. అదీ ముందు మీ వివరణ విన్నాకే, నష్టానికి మించకుండా, రిజిస్టర్‌లో రాసి. ఐస్ చాలక సరుకు మెత్తబడిందనో, కౌంట్ తేడా వచ్చిందనో షిఫ్టు మొత్తానికి తలా ఇంత వేయడం కుదరదు. ప్రతి నెలా అదే 750 పడుతోందంటే అది నష్టం లెక్కలా లేదు. గత ఆర్నెల్ల స్లిప్పులు పక్కపక్కన పెట్టి చూడండి.

బస్సుకు కోత ప్రభుత్వం అనుమతించిన సదుపాయమైతేనే, అదీ ఆ సేవ విలువకు మించకుండా. ఇది మాత్రం ఆ అనుమతి ఆర్డర్ చూడకుండా తేల్చి చెప్పను.

ఇంకొకటి, మీరు అడగకపోయినా చెప్తాను. స్పెషల్ అలవెన్స్ అందరికీ ఒకే తీరున ఇస్తుంటే దాని మీదా పీఎఫ్ కట్టాలని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు నెలకు 216 తగ్గుతుంది, కంపెనీ కూడా మరో 216 వేస్తుంది. నన్నడిగితే అడిగి వేయించుకోండి.

గొడవకు దిగకముందు మేనేజర్ గారికి ఒక కాగితం రాయండి. కంపెనీ పీఎఫ్ ఏ నిబంధన కింద కోశారో, డ్యామేజీ రిజిస్టర్‌లో మీ పేరు మీద ఏం రాశారో అడగండి. కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి, ఇవ్వకపోతే రిజిస్టర్ పోస్టులో పంపండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే పీఎఫ్ విషయం రాజమహేంద్రవరంలోని ప్రాంతీయ పీఎఫ్ కార్యాలయానికి, మిగతావి కార్మిక శాఖ అధికారికి. కోడ్ కింద క్లెయిమ్ వేయడానికి మూడేళ్ల గడువుంది, కోసిన మొత్తంతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారమూ ఉంది. అయినా ఆలస్యం చేయకండి. కోడ్ రాకముందు నెలలకు పాత చట్టంలోని ఏడాది గడువే వర్తిస్తుందని కంపెనీ వాదించవచ్చు. మీ షిఫ్టులో ఇంకా ఎవరికి రెండో పీఎఫ్ పడుతోందో కనుక్కుని, వాళ్ల స్లిప్పులూ జత చేయించండి.