గెడ్డలో డీజిల్ పడితే ముందు ఇసుకను కాపాడుకోండి

మీ ఊరి గెడ్డలో ట్యాంకర్ బోల్తా పడి డీజిల్ కలిసిందని, చలికాలం కాబట్టి శుభ్రం చేసే పద్ధతి మారుతుందా అని అడిగారు. మారుతుంది. భోగికి నాలుగు రోజుల ముందు మా దగ్గరా ఇదే జరిగింది, నాగావళిలో కలిసే గెడ్డలో.

112కి ఫోన్ చేసి, వెంటనే మంచినీళ్ల మోటారు ఆపించండి. 2015 జనవరిలో అమెరికాలోని ఎల్లోస్టోన్ నదిలో పైపు పగిలి ముడిచమురు మంచుగడ్డ కిందకి చేరింది. గ్లెండైవ్ ఊరి కుళాయి నీళ్లలో బెంజీన్ అనే విషపదార్థం ఉన్నట్టు తేలింది. అక్కడ మంచు కోసి నూనె తోడాల్సి వచ్చింది. మనకి మంచుగడ్డలు లేవు గానీ ఇసుక ఉంది. పుష్యమాసానికి ఏరు సన్నటి పాయ అయిపోతుంది, చాలా ఊళ్లకు ఏటి ఇసుకలో తవ్విన ఊటబావుల నీళ్లే దిక్కు. డీజిల్ ఆ ఇసుకలోకి దిగిందంటే పైనుంచి తోడి లాభం లేదు.

అందుకే గెడ్డ ఏట్లో కలవకముందే అడ్డుకట్ట వేయాలి. మేం ఇసుక బస్తాలతో పూర్తిగా మూసేశాం. సాయంత్రానికి నీళ్లు కట్ట పొర్లాయి, వాటితో డీజిలూ పోయింది. అప్పుడు మా చిన్నాన్న కట్టలో ఒక పీవీసీ గొట్టం పెట్టించారు. ఎగువ మూతి నీళ్లలో బాగా లోతుగా, దిగువ మూతి కాస్త ఎత్తుగా. డీజిల్ తేలుతుంది కదా, అడుగు నీళ్లే గొట్టంలోంచి పోయాయి. రంగురంగుల తెట్టు కట్ట దగ్గరే ఆగిపోయింది.

తెట్టు తీయడానికి వరిగడ్డి వేశాం. అది నీళ్లు కూడా పీల్చుకుని మునిగిపోతోంది. మా అత్త పాత దిండ్లు చింపి బూరుగు దూది తెచ్చింది. దాన్ని వలలో చుట్టి వేస్తే నీటిని వదిలి డీజిల్‌నే పట్టింది. పిండితే చేతి మీదుగా డీజిల్ కారింది. చేతికి తొడుగులు లేకుండా చేయకండి, మా వాళ్లకి చర్మం మండిపోయింది. సబ్బు, సర్ఫ్ మాత్రం అసలు వేయొద్దు, తెట్టు విరిగి నీళ్లలో కలిసిపోతుంది.

చలికి డీజిల్ తొందరగా ఆవిరవదు, పొగమంచులో తెట్టు కనబడదు. ఎండెక్కాకే దిగండి. ఒక కుర్రాడు తడిసిన లుంగీతోనే చలిమంట దగ్గర కూర్చోబోయాడు, ఇప్పటికీ తలుచుకుంటే భయమేస్తుంది. గట్టు మీద మంట వేయనివ్వకండి. పడింది పెట్రోలైతే అసలు దగ్గరకే వెళ్లొద్దు, ఫైర్ వాళ్లకే వదిలేయండి.

తడిసిన గడ్డి, దూది, ఇసుక టార్పాలిన్ మీద పోగేసి పొల్యూషన్ బోర్డు వాళ్లకి అప్పగించండి. వాసన పోయినా సరే, ఊటబావి నీళ్లు పరీక్ష చేయించేదాకా పిల్లలకి పట్టకండి.