రంగు ఎక్కడ పోయిందో చూడండి: పాత చెక్క నెట్సుకేలు కొనేవాళ్ళకి

వచ్చే నెల జపాన్‌లో క్యోటో వెళ్తున్నానని, రంగులేసిన పాత చెక్క నెట్సుకేలు ఒకటో రెండో కొనాలని ఉందని, మోసపోకుండా ఎలాగని మీరు అడిగారు. నేను ఒసాకాలో ఆరేళ్ళు ఉద్యోగం చేశాను. ఆ ఆరేళ్ళలో పదకొండు కొన్నాను. రెండు నకిలీవని తేలాయి, ఒకదాన్ని చేతులారా నేనే పాడుచేశాను. ఈపాటి అనుభవం చాలనుకుంటా.

ఇవేంటో తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. కిమోనోకి జేబులుండవు. మన తాతలు చుట్టలూ చిల్లరా రొంటిన దోపుకున్నట్టు, ఎడో కాలంలో (1603–1868) మగవాళ్ళు పొగాకు సంచినో, ఇన్రో అనే మందుల డబ్బీనో తాడుకి కట్టి, ఆ తాడుని నడికట్టు కిందనుంచి లాగి వేలాడదీసుకునేవాళ్ళు. తాడు జారిపోకుండా పైకొసన అడ్డం పడే చిన్న బొమ్మే నెట్సుకే. మహా అయితే గుప్పిట్లో ఇమిడేంత. (అక్కడివాళ్ళు 'ట్సు'లో ఉకారం మింగేసి దాదాపు 'నెత్స్కే' అంటారు. నేను తెలుగులో చదివినట్టు సాగదీసి అడిగితే కొట్టాయన నా మొహం చూశాడు.) 1868 తర్వాత మెయిజీ కాలంలో ప్యాంట్లూ సిగరెట్లూ వచ్చాక దీని పని తగ్గిపోయింది. విదేశీయులు ఎగబడి కొన్నది అప్పట్నుంచే.

దంతంవి చాలామందికి మోజు. మీరు ఇండియా తెచ్చుకునేట్టయితే వాటి ఊసే ఎత్తొద్దు. ఏనుగు దంతం దేశాలు దాటించడమే చిక్కు, పైగా మన వన్యప్రాణి చట్టం ఇంకా గట్టిది. మీరు చెక్క అన్నారు కాబట్టి ఆ తలనొప్పి లేదు.

రంగు చెక్కలో మీకు తరచూ వినిపించే పేరు యోషిమురా షూజాన్. 18వ శతాబ్దం, ఒసాకా మనిషి. అసలు వృత్తి చిత్రలేఖనం, అందుకే చెక్క మీద రంగు అంత బాగా పండింది. 1781లో వచ్చిన 'సోకెన్ కిషో' అనే పుస్తకంలో ఆయన నెట్సుకేలు బొమ్మలేసి మరీ చూపించారు. ఆయన సంతకం పెట్టేవాడు కాదు. కాబట్టి ఎవరైనా బొమ్మ తిప్పి అడుగున 'షూజాన్' అన్న పేరు చూపించి, ఆ మహానుభావుడిదేనండీ అంటే దండం పెట్టి ముందుకు కదలండి. ఆ పేరుతో, ఆ తీరులో తర్వాత చేసినవి బోలెడు.

మీలాంటివాళ్ళకి అందేవి నారా అనే ఊరి బొమ్మలు. హినోకి (జపాన్ సైప్రస్) చెక్క మీద కత్తితో పలకలు పలకలుగా, నునుపు చెయ్యకుండా చెక్కి రంగులేస్తారు. ఈ పద్ధతిని ఇత్తోబోరి అంటారు, ఒంటికత్తి చెక్కడం అన్నమాట. 'నో' అనే జపాన్ సంప్రదాయ ముసుగు నాటకాల పాత్రలే ఎక్కువ. మొరికావా తోఎన్ (1820–1894) ఇందులో పెద్ద పేరు, ఆయనవి మన బడ్జెట్‌కి అందవు. నా దగ్గరున్నది 'తకసాగో' అనే నో నాటకంలోని ముసలి దంపతుల్లో అవ్వ, చేతిలో చీపురు. ఎవరు చేశారో పేరు లేదు. 22 వేల యెన్లు ఇచ్చాను.

ఇక అసలు సంగతి. ఉన్న రంగు చూడకండి, పోయిన రంగు చూడండి. నిజంగా నడుముకి వేలాడిన బొమ్మకి ఎత్తుగా ఉన్నచోట, అంటే ముక్కు, భుజం, మోకాలు, ఒంటికి ఆనే వీపు దగ్గర రంగు అరిగిపోతుంది. మడతల్లో, చంకల్లో మిగులుతుంది. మా అవ్వకి చీపురు పట్టిన వేళ్ళ కణుపుల మీద చెక్క బయటపడింది గానీ, వేళ్ళ సందుల్లో ఎరుపు ఇంకా ఉంది. నేను ఆన్‌లైన్‌లో కొన్న నకిలీ దీనికి సరిగ్గా తిరగేసి. గుంటల్లో రంగు గీకేసి ఉంది, ముక్కు మాత్రం నిగనిగలాడుతోంది. తాడు దూరే రెండు కన్నాల లోపల కూడా ఒంటి మీదున్న గోధుమ పూతే. వాడిన కన్నమైతే అంచు తాడు రాపిడికి ఒకవైపు మెత్తబడి ఉండాలి. చాలావాటిలో ఒక కన్నం పెద్దదిగా ఉంటుంది, ముడి లోపలికి పోవడానికి. రెండూ డ్రిల్లు పెట్టినట్టు ఒకే కొలతలో, పదునైన అంచుతో ఉంటే అలంకారబ్బొమ్మకి తర్వాత కన్నాలు పొడిచారేమో అని అనుమానించాల్సిందే. సూది కాల్చి గుచ్చి చూడమని ఎవరైనా చెప్తే వినకండి. అసలుదైతే మీరే మచ్చ పెట్టినవాళ్ళవుతారు.

పాడుచేసిన కథ కూడా చెప్పేస్తా. అది కూడా ఈ అవ్వే. మొహం మీద సన్నగా దుమ్ము ఉందని, తడి దూదితో ఒక్కసారంటే ఒక్కసారి తుడిచాను. దూదికి తెల్లటి పూత అంటుకుని వచ్చింది. చూస్తే ఎడమ చెంప పోయింది. కొండపల్లి బొమ్మకి రంగుకి ముందు తెల్ల సుద్ద పూస్తారు కదా, వీటికి ఆల్చిప్పల పొడిని పశువుల తోలు జిగురుతో కలిపి పూస్తారు. ఆ జిగురు నీళ్ళు తగిలితే కరిగిపోతుంది. వందేళ్ళు నడుము మీద ఊగి బతికిన మొహం నా చేతిలో రెండు సెకన్లలో పోయింది. బాగుచేయిద్దామని ఓ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, వద్దు, కొత్త రంగేస్తే ఉన్న విలువ కూడా పోతుందన్నాడు. అలాగే ఉంచేశాను. దుమ్ముంటే మెత్తటి పొడి కుంచెతో ఊడవండి, అంతే. హైదరాబాద్ తెచ్చాక ఏసీ గాలి నేరుగా తగిలే అల్మరాలో పెట్టొద్దు, చెక్క ఎండి ముడుచుకుంటే పూత పెచ్చులు లేస్తుంది.

క్యోటోలో ప్రతి నెలా 21న తోజి గుడి దగ్గర, 25న కితానో తెన్మాంగు అనే గుడి దగ్గర సంతలుంటాయి. తెల్లారేసరికి వెళ్ళండి. దానికి ముందురోజు సెయ్షూ నెట్సుకే మ్యూజియం చూసి రండి, పాత సమురాయ్ ఇంట్లో పెట్టారు. అక్కడ ఎక్కువ ఈ కాలపువే. నాకు అదే పనికొచ్చింది: అరగని అంచు ఎలా ఉంటుందో కంటికి అలవాటైంది. జేబులో చిన్న టార్చీ, భూతద్దం పెట్టుకోండి. బొమ్మ చేతిలోకి తీసుకునే ముందు కొట్టువాళ్ళని అడగండి, చేతులు తడి లేకుండా తుడుచుకోండి. బిల్లు మాత్రం రాయించుకోవడం మర్చిపోకండి.