సైనస్ సీటీకి వెళ్లే ముందు

చిరంజీవి శ్రీనుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు సైనస్‌కి సీటీ స్కాన్, అదీ కాంట్రాస్ట్‌తో (బొమ్మ తేటగా కనిపించడానికి మందు ఎక్కించి) తీయించమని రాశారనీ, నువ్వు టెన్షన్ పడుతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. స్కానింగ్ విభాగంలో ఏళ్ల తరబడి నర్సుగా చేసినదాన్ని కాబట్టి తెలిసినవి రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు మీ డాక్టర్‌ని "కాంట్రాస్ట్ ఎందుకండీ?" అని అడుగు. అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. ఎప్పుడూ ఉండే ముక్కు దిబ్బడకీ, తలబరువుకీ మామూలుగా ప్లెయిన్ సీటీ చాలు. ఎముకలు, గాలి గదులు, వాచిన పొర, వంకర పోయిన ముక్కు దూలం అన్నీ ఏ మందూ ఎక్కించకుండానే కనిపిస్తాయి. చీము కంటి వైపో మెదడు వైపో పాకిందన్న అనుమానం ఉన్నా, గడ్డ ఉందేమో చూడాలన్నా, ఫంగస్ భయం ఉన్నా అప్పుడు కాంట్రాస్ట్ కావాలి. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చి కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి జనం ఎలా వెళ్లారో గుర్తుందిగా? అలా వచ్చినవాళ్లలో చాలామంది షుగర్ ఉన్నవాళ్లే. నీకూ షుగర్ ఉంది కనుక ఆ జాగ్రత్తతోనే రాశారేమో. అడిగితే చెప్తారు.

ఎక్కించేది అయోడిన్ ఉన్న మందు. చేతి నరంలోకి ఇస్తారు, కిడ్నీల గుండా మూత్రంలో పోతుంది. అందుకే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు అడుగుతారు. నువ్వు షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటున్న సంగతి తప్పకుండా చెప్పు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి స్కాన్ రోజు ఆ మాత్ర ఆపించి, 48 గంటల తర్వాత మళ్లీ పరీక్ష చూసి మొదలుపెట్టిస్తారు. కిడ్నీలు బాగున్నవాళ్లకి ఆ అవసరం ఉండదు, అయినా కొన్ని సెంటర్లు అందరినీ ఆపమంటాయి. నీ అంతట నువ్వు మాత్రం ఆపకు, మీ డాక్టర్‌ని కనుక్కో. సెంటర్ వాళ్లు ఏమీ తినకుండా రమ్మంటే షుగర్ మందు ఎప్పుడు వేసుకోవాలో కూడా అప్పుడే అడుగు. ఖాళీ కడుపున మందు వేసుకొచ్చి వరండాలో చెమటలు పట్టి కూలబడ్డవాళ్లను చూశాను.

రొయ్యలు పడనివాళ్లు ఈ మందు కూడా పడదేమోనని భయపడతారు. ఆ ఎలర్జీ రొయ్యల్లో ఉండే ప్రోటీన్ వల్ల వచ్చేది, అయోడిన్‌తో సంబంధం లేదు. అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాల్సింది ఇంతకుముందు ఎప్పుడైనా కాంట్రాస్ట్‌కి దద్దుర్లో ఆయాసమో వచ్చాయా అన్నది. ఆస్తమా, థైరాయిడ్ ఉన్నా చెప్పాలి. ఆ ఫారం నువ్వే చదివి నింపు. వెంట వచ్చినవాళ్లు అన్నిటికీ "లేదు" అని టిక్కులు కొట్టి సంతకం పెట్టేస్తారు. ఒకావిడ సూది గుచ్చాక నెమ్మదిగా "పోయినేడు ఈ మందుకే ఒళ్లంతా దద్దుర్లొచ్చాయమ్మా" అంది. వెంటనే ఆపేశాం. అలాంటివాళ్లకి ముందు రోజు నుంచే స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చి చేయొచ్చు, లేదా వేరే దారి చూడొచ్చు. ముందు తెలియాలి అంతే.

లోపల పని కొద్ది నిమిషాలే. చెవి పోగులు, గొలుసు, పెట్టుడు పళ్లు తీసేయమంటారు. మందు ఎక్కగానే గొంతు నుంచి పొత్తికడుపు దాకా వేడి పాకుతుంది, నోట్లో ఇనుము నాకినట్టుంటుంది, మూత్రం పడిపోయిందేమో అనిపిస్తుంది. పడదు. నిమిషంలో తగ్గిపోతుంది, కదలకుండా పడుకో. సూది పెట్టిన చోట మంటపెట్టి ఉబ్బినా, గొంతు బిగుసుకున్నా, దురద పుట్టినా మాత్రం ఓర్చుకోకు, గట్టిగా చెప్పు. మైకులో వాళ్లకి వినిపిస్తుంది. అయ్యాక అరగంట అక్కడే కూర్చో, చేతికున్న సూది అప్పటిదాకా తీయించుకోకు. డాక్టర్ నీళ్లు తక్కువ తాగమని చెప్పి ఉండకపోతే ఆ రోజంతా బాగా తాగు.

రిపోర్టులో "మ్యూకోజల్ థికెనింగ్" (లోపలి పొర మందమవడం) అని ఉంటే కంగారుపడొద్దు. మామూలు జలుబు చేసినా, ఏ బాధా లేనివాళ్లకి తీసినా అది కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఒక్క మాట చూసి ఎవరూ ఆపరేషన్‌కి తొందరపెట్టకూడదు. రిపోర్టు కాగితంతో పాటు సీడీ కూడా అడిగి తీసుకో, ఈఎన్‌టీ డాక్టర్ బొమ్మలే చూస్తారు.

స్కాన్ తేదీ ఇంకా ఉందని ఊరుకోకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. కన్ను వాచినా, చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, బుగ్గ మొద్దుబారినా, ముక్కులోంచి నల్లటి పక్కు వచ్చినా ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లు. వెళ్తూ నాకు ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే.

మీ పెద్దమ్మ