ఆయన ఫోన్ ఎత్తకపోతే ముద్ద దిగడం లేదు, ఇది ప్రేమేనా?

చెల్లీ, ఆయన తాగొచ్చినా తప్పు నీదే అనిపిస్తోందని, నువ్వు వదిలేస్తే ఏమైపోతాడోనని భయమని రాశావు. పర్లాకిమిడిలో నేనూ నాలుగేళ్లు అలాగే బతికాను.

మా ఆయన పొద్దున లేవలేకపోతే, పనిచేసే కొట్టు యజమానికి నేనే ఫోన్ చేసి జ్వరమని ఒడియాలో అబద్ధం చెప్పేదాన్ని. అప్పులూ నా జీతంలోంచే తీర్చేదాన్ని. ప్రేమంటే అదే అనుకున్నాను.

ఒకసారి పాతపట్నంలో పెళ్లికి ఒక్కదాన్నే వెళ్లాను. బంతిలో కూర్చున్నానే గానీ ఒళ్లో ఫోన్, ఆయన ఆన్‌లైన్‌లోకి వచ్చాడా లేదా అని అదే చూపు. పక్క విస్తళ్లు ఎత్తేస్తున్నారు, నా పులిహోర వేసింది వేసినట్టే ఉంది. పిన్ని వచ్చి, ‘ఏమే, పులిహోరంటే నీకు ప్రాణం కదా!’ అంది. చెల్లీ, ఆ సంగతే నాకు గుర్తు రాలేదు. నాకేది ఇష్టమో నాకే తెలియకుండా పోయింది. భయం వేసింది.

ఆ రాత్రే టెలీమానస్ 14416కి ఫోన్ చేశాను, మనసు బాగోలేనివాళ్లతో మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ అది. కోడిపెండెన్సీ అన్న మాట అక్కడే విన్నాను. అమెరికాలో తాగుడు మాన్పించే చికిత్సల్లో, తాగేవాళ్లనే కనిపెట్టుకుని తమను మరచిపోయే ఇంటివాళ్లను చూసి పుట్టిన మాట అది. అలాంటి కుటుంబాల కోసమే అక్కడ 1951లో అల్‌-అనాన్ అనే సంఘం మొదలైంది. డాక్టర్లు దీన్ని జబ్బుల్లో లెక్కెయ్యరు, కాబట్టి నీకేదో రోగముందని బెంగపడకు.

నేను మొదట మానింది యజమానికి చెప్పే ఆ జ్వరం అబద్ధం ఒక్కటే. ఆ రోజు తొమ్మిదయ్యేసరికి చేతులు వణికాయి. ఫోన్ బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టాను. ఆయనకి ఒకరోజు కూలి పోయింది, నామీద అరిచాడు. మర్నాడు తనే లేచి వెళ్లాడు. నేను లేకపోతే ఏమైపోతాడో అన్న భయం ఆ పొద్దున కొంచెం సడలింది. తర్వాత రెండుసార్లు ఆగలేక మళ్లీ డబ్బులు పంపాను. అలా జారినంత మాత్రాన అంతా పోయినట్టు కాదు.

చివరికి మేం విడిపోయాం. నువ్వూ విడిపోవాలని నేనను. జ్వరమొస్తే కాచుకో, అది ప్రేమే. ఆయన తప్పుకి ఆయన పడాల్సిన ఇబ్బందిని మాత్రం నువ్వు నెత్తినేసుకోకు. చెయ్యి చేసుకుంటున్నాడంటే ఇవేవీ ఆలోచించకు, వెంటనే మహిళల హెల్ప్‌లైన్ 181కి చెప్పు.

14416 రాత్రయినా పలుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మాట రాకపోతే కంగారు పడకు. నాకూ మొదట ఏడుపే వచ్చింది, అవతలావిడ ఆగింది.