ఆ పేరు హోర్హేనా, జోర్జా?

మీ వ్యాసంలో అర్జెంటీనా రచయిత బోర్హెస్‌ని ‘జార్జ్’ అనీ, బ్రెజిల్ రచయిత అమాదుని ‘హోర్హే’ అనీ రాశారు. ఇద్దరి పేరుకీ స్పెల్లింగ్ ఒకటే (Jorge) కదా, ఏది ఉంచాలని అడిగారు. నిజానికి రెండూ మార్చాలండీ. స్పెల్లింగ్ పక్కన పెట్టి ఆ మనిషిది ఏ భాషో చూడండి, సగం టెన్షన్ పోతుంది.

స్పానిష్‌లో హోర్హే. 1899లో బ్యూనస్ ఐరిస్‌లో పుట్టిన రచయిత హోర్హే లూయిస్ బోర్హెస్ ఈ లెక్కే. పోప్ ఫ్రాన్సిస్ అసలు పేరూ హోర్హే మారియో బెర్గోలియోనే. మెక్సికో గోల్‌కీపర్ హోర్హే కాంపోస్ సరేసరి. కళ్లు జిగేల్‌మనే రంగుల జెర్సీలు తానే డిజైన్ చేసుకునేవాడు, ఒక్కోసారి గోల్ వదిలేసి ఫార్వర్డ్‌గానూ ఆడేవాడు!

పోర్చుగీసులో ఈ పేరుకి ‘హ’ ఉండదు. ‘ప్లెజర్’లో వినిపించే మెత్తటి ‘జ’ పలుకుతారు. పోర్చుగల్‌లో జోర్జ్, బ్రెజిల్‌లో జోర్జి. కాబట్టి బాహియా రచయిత జోర్జి అమాదు, 1996 నుంచి 2006 దాకా పోర్చుగల్ అధ్యక్షుడు జోర్జ్ సంపాయు.

ఇంటిపేరు చివర జెడ్ ఉంటే స్పానిష్, ఎస్ ఉంటే పోర్చుగీసు అని ఇక్కడెవరో చిట్కా చెప్పారు. రోడ్రిగెస్ లాంటి పేర్లకు చాలావరకు పనికొస్తుంది గానీ పూర్తిగా నమ్మకండి. బోర్హెస్ ఇంటిపేరు పోర్చుగల్ నుంచి వచ్చిందే, ఆయన మాత్రం అర్జెంటీనావాడు. బెర్గోలియో అయితే ఇటలీ పేరు. పుట్టిన దేశం చూసుకోవడమే నయం.

లిస్బన్ కోట గురించీ రాశారుగా, దాన్ని సావ్ జోర్జ్ కోట అనండి.