ఎమ్మెస్సీ కోసం నంబూరు స్థలం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: గుంటూరు లక్ష్మీపురంలో ఉంటాం. అమ్మాయి బీఎస్సీ బయోకెమిస్ట్రీ అయిపోయింది, మాలిక్యులర్ బయాలజీలో ఏడాది ఎమ్మెస్సీ యూకేలో చేస్తానంటోంది. ఏజెంటు 35 లక్షలు అవుతుందన్నాడు. చేతిలో 5 లక్షలున్నాయి. నా జీతం 65 వేలు. నంబూరులో స్థలం తాకట్టు పెట్టి 30 లక్షలు తీసుకోమంటారా?

జవాబు: వద్దండి. 30 లక్షలకి 10.5 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ 40 వేలు దాటుతుంది, అదీ చదివే రోజుల్లో వడ్డీ నెలనెలా కట్టుకుంటూ వస్తేనే. కోర్సు ఏడాది, ఆపైన మారటోరియం (వాయిదాలకు బ్యాంకు ఇచ్చే విరామం) ఏడాది ఏమీ కట్టకుండా వదిలేస్తే ఆరు లక్షల పైచిలుకు వడ్డీ అసలులో కలిసి ఈఎంఐ 49 వేల దగ్గర తేలుతుంది. మీ జీతంలో మిగిలేది 16 వేలు. అక్కడ ఉద్యోగం వస్తుంది కదా అంటారు, రావచ్చు, రాకపోతే కట్టాల్సింది మీరే.

ఈ సబ్జెక్టులో పీహెచ్‌డీ దాకా వెళ్తే చాలావరకు డబ్బు ప్రభుత్వమో యూనివర్సిటీయో ఇస్తుంది. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) కొడితే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) వేరే. అమెరికాలో బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీ సీటు వస్తే చాలాచోట్ల ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. విదేశం వద్దనడం లేదు, ఎమ్మెస్సీ ఇక్కడ పూర్తిచేసి వాళ్ల డబ్బుతో వెళ్లమంటున్నాను.

ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షల్లో, రాష్ట్రం పెట్టే పీజీసెట్ రాస్తే మన నాగార్జున యూనివర్సిటీ ఉంది, ఇంటి నుంచే బస్సులో వెళ్లిరావచ్చు. సెంట్రల్ యూనివర్సిటీల సీయూఈటీ పీజీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీల పరీక్ష జామ్‌లో బయోటెక్నాలజీ పేపరు రాస్తే ఐఐటీలు. ఎక్కడ చేరినా ముందు ల్యాబ్ చూసి రమ్మనండి. పీసీఆర్ మెషిన్ (డీఎన్ఏ కాపీలు తీసేది) పిల్లల చేత నడిపిస్తున్నారా, లేక గుడ్డ కప్పి ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే తీస్తారా, డీఎన్ఏని వేరుచేసి చూసే జెల్ ఎవరికి వాళ్లు పోసుకుంటారా, పదిమంది చుట్టూ నిలబడి చూస్తారా అన్నది సీనియర్లని అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. చేత్తో చేసిన పని లేకపోతే ఇంటర్వ్యూలో ఇట్టే దొరికిపోతారు.

మీ 5 లక్షలు సేవింగ్స్‌లో పడుంటే ఎవరో ఒకరు చేబదులు అడుగుతారు. సెమిస్టర్ ఫీజు తేదీలకి మెచ్యూర్ అయ్యేలా నాలుగు ఎఫ్‌డీలు చేసేయండి. చాలకపోయినా, ఏడున్నర లక్షల లోపు ఎడ్యుకేషన్ లోనుకి బ్యాంకులు సాధారణంగా ఆస్తి తాకట్టు అడగవు. దాని వడ్డీకి పన్ను మినహాయింపు కావాలంటే మాత్రం పాత పన్ను విధానంలోనే ఉండాలి.

ఏజెంటుకి అడ్వాన్సేమైనా కట్టారా? కడితే రసీదు మీద రీఫండ్ గురించి ఏం రాశాడో చూసి నాకు చెప్పండి.