మా అమ్మాయి నఖాబ్ వేసుకుంటోంది, మాన్పించేదెలా?

ప్రశ్న: మాది పల్నాడు. నూర్‌బాషాలం, అంటే దూదేకుల ముస్లింలం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచర్ని. చీర కట్టుకుంటాను, బయటికెళ్తే కొంగు తలమీదికి లాక్కుంటాను, అంతే. మా అత్తగారు దర్గాకో పెళ్లికో వెళ్లేటప్పుడు తెల్ల దుప్పటి కప్పుకునేవారు గానీ బురఖా ఎరగరు. మావారికి పరుపుల దుకాణం. ఒక్కగానొక్క కూతురు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. మొన్న రంజాన్‌కి వచ్చినప్పుడు బస్టాండులో కళ్లు తప్ప ఏమీ కనపడకుండా నిలబడి ఉంది. చెప్పుల్ని బట్టి గుర్తుపట్టాను, నా కూతుర్ని నేను! ఎవరు నేర్పారే అంటే ‘ఎవరూ నేర్పలేదు, నాకే వేసుకోవాలనిపించింది’ అంటుంది. అప్పట్నుంచీ వాళ్ల నాన్న దానితో ఫోన్లో కూడా మాట్లాడటం లేదు. చుట్టాలు తలోమాటా అంటున్నారు. స్కూల్లో తోటి టీచర్లు నన్ను జాలిగా చూస్తున్నారు. దీని ఉద్యోగం, పెళ్లి ఏమవుతాయో తెలీదు. ఎవరైనా దాని మనసు మార్చేశారేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. మాన్పించే దారి చెప్పండి.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మాన్పించే దారి అడిగారు. నేను చెప్పను. ఎమ్మెస్సీ చదివే పిల్ల తన ఒంటిమీద ఏ బట్ట ఉండాలో తేల్చుకుంటే దాన్ని లాగేసే హక్కు కన్నవాళ్లకీ లేదు, ఊరికీ లేదు, ప్రభుత్వానికీ లేదని నా నమ్మకం. కానీ మీ ఉత్తరంలో ఒక బాధ, ఒక భయం కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూద్దాం.

బాధ గురించి ముందు. కన్నకూతుర్ని చెప్పుల్ని బట్టి పోల్చుకోవాల్సి వచ్చిందన్న మాట చదివి నాకూ కలుక్కుమంది. ఆ మాట ఆ పిల్లతో అన్నారా? అని ఉండరు. ‘ఎవరు నేర్పారే’ అన్నారు. అలా అడిగితే ఏ పిల్లయినా ‘ఎవరూ నేర్పలేదు’ అనే అంటుంది, అక్కడితో మాట తెగిపోతుంది. ‘నిన్ను గుర్తుపట్టలేకపోయానమ్మా, నాకు ఏడుపొచ్చింది’ అని ఉంటే ఆమె కూర్చుని ఏదో ఒకటి చెప్పి ఉండేది. ఇప్పటికైనా అనండి. అందులో తప్పుపట్టడం లేదు, మీ మనసుంది.

ఇక భయం. ముఖం కప్పుకున్న ప్రతి అమ్మాయి వెనకా ఎవరో మగాడు నిలబడి ఉంటాడని చాలామంది అనుకుంటారు. కొందరి వెనక ఉంటాడు, కాదనను. అందరి వెనకా ఉండడు. నా దగ్గరికి వచ్చిన అమ్మాయిలు చెప్పిన కారణాలు ఒకదానితో ఒకటి పొంతన లేనివి.

కొందరిది అచ్చమైన భక్తి. చిన్నప్పుడు అర్థం తెలియకుండా అరబ్బీలో చదివిన ఖురాన్‌ని పెద్దయ్యాక తెలుగులో చదువుకుంటారు. చూపులు దించుకోమని నూర్ సూరాలో (అధ్యాయంలో), పైవస్త్రం మీదికి కప్పుకోమని అహ్‌జాబ్ సూరాలో ఉన్న మాటలు చదివి, ప్రవక్త ఇంటి ఆడవాళ్లలా ఉండాలని ఆశపడతారు. మే నెలలో నల్లబట్ట కింద ఉక్కపోస్తుందని వాళ్లకి తెలియక కాదు. అల్లా కోసం ఓర్చుకుంటున్నామన్న తృప్తి ఉంటుంది వాళ్లకి. మీరు రోజా ఉండి, గొంతు ఎండిపోతున్నా సాయంత్రం దాకా పాఠాలు చెప్తారు కదా. ‘ఎందుకు టీచర్ మీకీ హింస, ఎవరు ఉండమన్నారు’ అని ఎవరైనా అంటే మీకెలా ఉంటుంది? మీ ప్రశ్న మీ అమ్మాయికి అలాగే తగిలి ఉంటుంది.

కొందరు చూపుల బాధ పడలేక వేసుకుంటారు. కిక్కిరిసిన సిటీ బస్సులో ఎవడి కళ్లూ తన ముఖం మీద పడవన్న నిశ్చింత ఎంతో హాయిగా ఉందని ఒకమ్మాయి నాతో అంది. ఈ మాటతో నాకు పూర్తిగా పొత్తు కుదరదు. వేధించేవాడు మారాలి గానీ ఆడపిల్ల బట్ట మారడమేమిటి, బురఖాలో ఉన్నవాళ్లని మాత్రం వదిలేస్తున్నారా? కానీ ఆ పిల్లకి దొరికిన నిశ్చింత అబద్ధం కాదు. దాన్ని నేను కొట్టిపారేయలేను. ఇంకొందరికి ఇది ఇంటితో కుదుర్చుకున్న బేరం. ముసుగు వేసుకుంటేనే కాలేజీ అంటారు, వేసుకుంటారు, చదువుకుంటారు. మీ ఇంట్లో ఆ షరతే లేదు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

2022లో ఉడుపిలో తలకి స్కార్ఫ్ కట్టుకొచ్చారని కాలేజీ గేటు దగ్గర ఆపిన పిల్లల్ని టీవీలో చూసి మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. ఆ మార్చి 15న కర్ణాటక హైకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జిలు చెరో తీర్పు చెప్పారు. నిజానికి ఆ వివాదం తలమీది స్కార్ఫ్ గురించి, ముఖం గురించి కాదు. కానీ ‘తీసేయమంటే వేసుకుంటాం’ అన్న పట్టుదల అలాంటప్పుడే పుడుతుంది. ఇంట్లో మీరు గట్టిగా తీసేయమన్నా జరిగేది అదే.

మీరు రాయని సంగతి ఒకటి ఉంది, రాసేటప్పుడు మీకు తట్టి ఉండకపోవచ్చు. నూర్‌బాషా పిల్లలు ఊళ్లో ఉన్నంతకాలం సాయిబుల పిల్లలే. హైదరాబాద్ వెళ్లాక ఉర్దూ రాని పిల్లలవుతారు. హాస్టల్లో నలుగురూ ఉర్దూలో నవ్వుకుంటుంటే పక్కన మౌనంగా కూర్చోవాలి. ‘ఓ, దూదేకులవాళ్లా మీరు’ అని సాగదీసే తోటి ముస్లింలు ఉంటారు. మరోపక్క వేరే మతం స్నేహితురాళ్లు ‘నువ్వు అస్సలు ముస్లింలా అనిపించవే’ అని మెచ్చుకోలుగా అంటారు. రెండువైపుల నుంచీ ఇలా వింటూ వింటూ, నేనూ నిండుగా ముస్లింనే అని కనపడాలనుకునే అమ్మాయిలు ఉంటారు. మీ అమ్మాయి మనసులో ఇదే ఉందని నేను తేల్చేయను. ఒకవేళ ఉంటే మాత్రం ఆమెను ‘పిచ్చి పట్టింది’ అనడం కంటే అన్యాయం లేదు. నాయనమ్మ ఎలా నమాజు చేసేదో, దూది ఏకుతూ ఆ ఇల్లు రోజాలు ఎలా ఉండేదో, దర్గాకి ఎలా వెళ్లేవారో ఆమెకి చెప్పండి. తెల్ల దుప్పటి కప్పుకున్న ఆ ముసలావిడ ఎవరికంటే తక్కువ ముస్లిం? ఇది విన్నాక ఆమె నఖాబ్ తీసేయాలని కాదు. వేసుకున్నా, తనవాళ్ల గురించి సిగ్గుపడకుండా వేసుకోవాలి.

ఫ్రాన్సు సంగతి మీకు పనికొస్తుంది. అక్కడ బహిరంగ ప్రదేశాల్లో ముఖం కప్పుకోవడాన్ని నిషేధిస్తూ 2010లో చట్టం చేశారు. 2011 ఏప్రిల్‌లో అమలైంది. 150 యూరోల దాకా జరిమానా. అప్పటికి దేశం మొత్తంలో ముఖం కప్పుకునేవాళ్లు సుమారు 1,900 మందేనని వాళ్ల లెక్కే చెప్పింది. ఆ ఏడాదే ఒక సంస్థ అలాంటి 32 మందితో కూర్చుని మాట్లాడితే, ఇంట్లోవాళ్లు బలవంతపెట్టడం మాట అటుంచి చాలామందికి ఇంట్లోవాళ్ల నుంచే వ్యతిరేకత ఎదురైందని తేలింది. మీ ఇల్లు అక్కడా ఉందన్నమాట. ఆ చట్టం మీద ఒక ఫ్రెంచ్ యువతి యూరప్ మానవహక్కుల కోర్టుకు వెళ్లింది. నన్నెవరూ బలవంతపెట్టలేదు, నేను ఎల్లవేళలా వేసుకోను, డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు తీస్తాను, బ్యాంకులో, విమానాశ్రయంలో ముఖం చూపించమంటే చూపిస్తాను, కానీ నాకు వేసుకోవాలనిపించినప్పుడు వేసుకోనివ్వండి అని ఆమె వాదన. 2014లో కోర్టు చట్టాన్నే సమర్థించింది. ఆమె ఓడినా, ఆ వాదన నాకు సబబుగానే కనిపిస్తుంది.

మతం ఏమంటుందని కూడా మీకు సందేహం ఉంటుంది. పండితులు ఒకే మాట మీద లేరు. మనవైపు ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో, తప్పక కప్పాల్సినవాటిలో ముఖాన్నీ అరచేతుల్నీ మొదటి పండితులు చేర్చలేదు. తర్వాతివాళ్లలో చాలామంది వయసులో ఉన్న ఆడవాళ్లు కప్పుకోవడమే మంచిదన్నారు. సౌదీ పండితుల్లో ఎక్కువమంది తప్పనిసరి అంటారు. ఈజిప్టులో అల్ అజ్హర్ మత విద్యాసంస్థకి పెద్దగా ఉన్న షేక్ తంతావీ 2009లో అది ఆచారమే గానీ ఆరాధన కాదన్నారు. నమాజులో ముఖం తెరిచే ఉంచుతారు, హజ్‌లో ఇహ్రామ్ (యాత్ర దీక్ష) కట్టాక ఆడవాళ్లు నఖాబ్ వేసుకోకూడదని హదీసే (ప్రవక్త మాటే) ఉంది. 2019లో కేరళలో ముస్లిం ఎడ్యుకేషనల్ సొసైటీ తన కాలేజీల్లో ముఖం కప్పుకోవద్దని చెప్పింది. వీటిని పోగేసి ఆమె మీదికి విసరమని కాదు చెప్పడం. వేసుకున్నంత మాత్రాన ఆమె దారి తప్పలేదు, వేసుకోనంత మాత్రాన మీరూ తప్పలేదు. మీ చీర కొంగును ఆమె ఎప్పుడైనా తక్కువ చేసి మాట్లాడితే ఈ సంగతులు నెమ్మదిగా చెప్పండి.

ఇప్పుడు మీరు నిజంగా చూడాల్సినవి. బట్టను చూడకండి, మిగతా జీవితాన్ని చూడండి. పాత స్నేహితురాళ్లతో మాట్లాడుతోందా? చదువు మీద మనసుందా, లేక మానేస్తానంటోందా? ఫోను, డబ్బులు తన చేతిలోనే ఉన్నాయా? మీరు వెళ్తానంటే రమ్మంటోందా, ఏదో ఒక సాకు చెప్తోందా? ఇవన్నీ మామూలుగా ఉంటే మీ భయం సగం పోయినట్టే. మిగతా సగానికి ఒక ప్రశ్న అడగండి, నిష్ఠూరం లేకుండా. ‘రేపెప్పుడైనా నీకే తీసేయాలనిపిస్తే ఎవరికైనా జవాబు చెప్పుకోవాలా?’ ‘అల్లాకి’ అంటే ఆమెది విశ్వాసం. ‘ఎవరికీ లేదు’ అన్నా సంతోషమే. ఒక మనిషి పేరు వస్తే, లేదా ‘వాళ్లు ఊరుకోరు’ అన్న మాట వస్తే, అప్పుడు భయపడండి.

ఇరాన్‌లో 1936లో రెజా షా పోలీసుల చేత ముసుగులు లాగించాడు. అవమానం భరించలేక ఎందరో ఆడవాళ్లు ఇల్లు దాటడమే మానేశారు. విప్లవం తర్వాత అదే దేశంలో తల కప్పుకోకపోతే నేరం. స్కార్ఫ్ సరిగ్గా లేదని పట్టుకెళ్లిన మహ్‌సా అమీనీ 2022లో కస్టడీలో చనిపోయింది. ఈ రెండు పనులూ చేసింది ఆడపిల్లని అడగాలని తట్టని మనుషులే. మీ ఇల్లు ఆ రెంటిలో దేనిలాగానూ కావద్దు.

ఉద్యోగం గురించి కంగారు పడకండి, కానీ మాట్లాడండి. కెమిస్ట్రీ ల్యాబ్‌లో బర్నర్ దగ్గర వేలాడే పల్చటి సింథటిక్ బట్ట ప్రమాదం. నూలు స్కార్ఫ్ దగ్గరగా బిగించి కట్టుకుని, పైన కోటు, కళ్లద్దాలు, ముఖానికి మాస్క్ పెట్టుకుని పనిచేయొచ్చు. ఫార్మా కంపెనీల్లో ఇంజెక్షన్లు తయారయ్యే గదుల్లో ఏ మతం వాళ్లకైనా కళ్లు తప్ప ఏదీ కనపడదు, కళ్లకీ గాగుల్స్ ఉంటాయి. ఇబ్బంది వచ్చేది ఇంటర్వ్యూలో. అక్కడ ముఖం చూపించి మాట్లాడతుందా, చూపించనంటే ఏ ఉద్యోగాలు చేజారతాయో ఆలోచించిందా, అడగండి. పాస్‌పోర్టు ఫొటోలో ముఖం కనపడాల్సిందే. పరీక్ష హాల్లో పోలిక చూసేందుకు లేడీ స్టాఫ్‌ని అడగొచ్చు, కాస్త ముందుగా వెళ్లాలి. ఇవన్నీ ఆమె ముందే ఆలోచించి పెట్టుకుని ఉంటే, ఇది ఊరికే వచ్చిన ఊపు కాదని మీకే అర్థమవుతుంది.

పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ముసుగును దాచొద్దు, దాన్నే గొప్పగా చూపించనూ వద్దు. చేసుకోబోయే అబ్బాయి అమ్మాయి ముఖం చూడటానికి మతంలో అడ్డేమీ లేదు. ఆ అబ్బాయిని మీ అమ్మాయే అడగాలి, ‘నేనిది ఎప్పటికీ ఉంచుకుంటే నీకు ఇబ్బందా, ఐదేళ్ల తర్వాత తీసేస్తే ఇబ్బందా’ అని. రెండింటికీ ‘నీ ఇష్టం’ అనేవాడు దొరికేదాకా తొందరపడకండి.

మీ స్కూల్లో జాలిపడే టీచర్లకి ‘మా అమ్మాయి ఎమ్మెస్సీ చేస్తోంది, బాగుంది’ అనండి చాలు.

అన్నిటికంటే ముందు చేయాల్సింది మీవారు. తండ్రి మాట్లాడకపోతే, ఈ ఇంట్లో నాకు చోటు లేదనుకుంటుంది పిల్ల. మీరు భయపడే మనుషులు ఎక్కడైనా ఉంటే, వాళ్లకి కావలసింది సరిగ్గా అదే. ఈ ఆదివారం ఆయన్ని ఫోన్ చేయమనండి. ముసుగు ఊసెత్తొద్దు. మెస్‌లో ఏం పెడుతున్నారు, ప్రాజెక్టు ఎంతవరకు వచ్చింది, ఫీజు కట్టేశావా, ఇవి అడగమనండి. తర్వాత మీరొక శనివారం హాస్టల్‌కి వెళ్లి ఒక రాత్రి ఆమెతోనే ఉండండి. గదిలో ఆమె ముఖం కప్పుకోదు కదా. ‘తీసేయాలనిపిస్తే’ అన్న ప్రశ్న అక్కడే అడగండి. తడబడినా, ఏడ్చినా, ఎవరి పేరైనా చెప్పినా ఆమెను తిట్టకుండా బ్యాగు సర్ది ఇంటికి తీసుకురండి. ఎవరైనా బెదిరిస్తున్నారని తెలిస్తే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. ఏ తడబాటూ లేకుండా జవాబు చెప్తే, మర్నాడు ఇద్దరూ కలిసి బజారుకెళ్లి ల్యాబ్‌లో కట్టుకోవడానికి మంచి నూలు స్కార్ఫులు రెండు కొనిపెట్టండి.